పులిసిన టీ పాత్రలు, ఒక పంపు, కాస్టిక్ సోడా

పులియబెట్టిన టీ పానీయం కొంబుచా తయారు చేయడం కష్టమైన పని కాదు. టీ కాచి, పంచదార కలిపి, చల్లార్చి, పాత కొంబుచాను తోడు వేసి, మూతికి గుడ్డ కట్టి పక్కన పెడితే మిగతా పని అదే చేసుకుంటుంది. కష్టమంతా కడగడంలోనే ఉంది. గాజు జాడీల్లో చేసినంత కాలం నాకు ఆ సంగతి తెలియలేదు. జాడీని వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లిస్తే సరిపోయేది. విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా డాబా మీది గదిలోకి 50 లీటర్ల స్టీలు పాత్ర, 19 లీటర్ల కెగ్గులు (పానీయం నింపి గ్యాసు పట్టించే స్టీలు పీపాలు), వాటికి గొట్టాలు, కుళాయిలు వచ్చాక పని స్వభావమే మారిపోయింది. చెయ్యి దూరని చోట్లు, కంటికి కనబడని చోట్లు ఎక్కువయ్యాయి. సూక్ష్మజీవులు కాపురం పెట్టేది సరిగ్గా అక్కడే.

సమస్య ఒక కెగ్గు దగ్గర బయటపడింది. పాత్రలోంచి నేరుగా గ్లాసులో పట్టి తాగితే కొంబుచా చక్కగా ఉండేది. దాన్నే కెగ్గులోకి ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ పట్టించి, కుళాయి తిప్పితే ముక్కిన వాసన. కెగ్గు మార్చి చూశాను, వాసన పోలేదు. గొట్టం కొత్తది వేశాను, సగం తగ్గింది. అంటే లోపం పానీయంలో లేదు, అది నడిచే దారిలో ఉంది. ఆ దారిలో ఏ ముక్కా బ్రష్షుకు అందదు.

మా బాబాయి ఒక పాల డెయిరీలో యంత్రాల నిర్వహణ చూసి రిటైరయ్యాడు. వేల లీటర్ల పాలు నడిచే పైపులను ఊడదీయకుండానే లోపల రసాయనం తిప్పి కడగడం ఆయనకు ఏళ్ల తరబడి దినచర్య. నా గొట్టాలు చూసి ఆయన మొదట అడిగింది ఏ మందు వాడుతున్నానని కాదు. "నీళ్లు ఎంత వేగంగా పోతున్నాయి అమ్మాయ్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన చెప్పిన లెక్క పరిశ్రమల్లో పాతదే. జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో చెప్పిన సూత్రం: కడగడమంటే నాలుగు విషయాల కూడిక. రసాయనం, వేడి, సమయం, రాపిడి. ఒకటి తగ్గితే మిగతావాటిని పెంచి ఆ లోటు పూడ్చాలి. బ్రష్షు అందని గొట్టంలో రాపిడి ఎక్కడినుంచి వస్తుంది? ప్రవాహం నుంచే రావాలి. నీరు మెల్లగా జారితే గొట్టం గోడను ఆనుకున్న పలచని పొర దాదాపు కదలదు, మురికి ఉండేది ఆ పొర కిందే. ప్రవాహం సుడులు తిరుగుతూ పోయినప్పుడే గోడ మీద ఒరిపిడి ఉంటుంది. పైపుల్లో సెకనుకు 1.5 మీటర్ల వేగం ఉండాలన్నది డెయిరీల్లోనూ బ్రూవరీల్లోనూ పాటించే వాడుక లెక్క.

కాగితం మీద గుణించి చూశాం. 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలికాన్ గొట్టంలో ఆ వేగం రావాలంటే నిమిషానికి సుమారు 10 లీటర్లు పారాలి. కొలవడానికి పరికరమేమీ అక్కరలేదు, 20 లీటర్ల బకెట్టు రెండు నిమిషాల్లోపు నిండితే సరే. కుళాయికి వెళ్లే సన్న గొట్టం లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లే కాబట్టి దానికి నిమిషానికి రెండు లీటర్ల లోపే చాలు. అయితే ఇక్కడొక కిటుకు ఉంది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చింది అదే. లావు గొట్టాన్నీ సన్న గొట్టాన్నీ పంపుకు పక్కపక్కన కలిపి ఒకేసారి తిప్పితే ద్రావణం సులువైన దారి చూసుకుని లావు గొట్టంలోంచే పోతుంది. సన్న గొట్టం తడుస్తుంది కానీ కడగబడదు. అందుకే సన్న గొట్టాన్ని విడిగా, దానికోసమే పంపు నడిపి కడగాలి.

పంపు ఎంచుకోవడంలోనూ బాబాయి మాటే విన్నాను. అయస్కాంతంతో తిరిగే రకం తీసుకున్నాం. అందులో మోటారు ఇరుసు ద్రవంలోకి రాదు. మోటారు వైపు అయస్కాంతం తిరిగితే లోపలి చక్రంలోని అయస్కాంతం దానితోపాటు తిరుగుతుంది. ఇరుసు చుట్టూ సీలు లేదు కాబట్టి కడగడానికి తిప్పే కాస్టిక్ సోడా ద్రావణం అక్కడినుంచి కారే భయం లేదు. కానీ ఈ రకానికి సొంతంగా నీళ్లు పీల్చుకునే శక్తి ఉండదు. పాత్ర కన్నా కింద పెట్టి, గొట్టంలో గాలి లేకుండా ద్రావణం నింపి, అప్పుడే స్విచ్ వేయాలి. పొడిగా తిరిగితే లోపలి బుష్షు అరిగిపోతుంది. ధార తగ్గించాలంటే బయటికి వెళ్లే వైపు వాల్వు తిప్పాలి గానీ లోపలికి వచ్చే వైపు బిగించకూడదు. ముఖ్యంగా వేడి ద్రావణంతో అలా చేస్తే పంపులోనే బుడగలు పుట్టి గరగరమని శబ్దం వస్తుంది, చక్రం దెబ్బతింటుంది. తడి నేల మీద కరెంటు పని కాబట్టి పంపును పీట మీద పెట్టి, ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ వేయించాను. ఆ ఖర్చు తగ్గించుకోవద్దని ఎవరికైనా చెబుతాను.

పాత్రకు అడుగున క్లాంపు బిగించే మూతి లేదు. గాజువాక ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగు చేసేవారి దగ్గర పెట్టించాం. బాబాయి లోపలి అతుకును వేలితో తడిమి, గరుకు తగిలిన చోట మళ్లీ నునుపు చేయమని పట్టుబట్టాడు. అతుకులో గీత ఉంటే ఏ రసాయనమూ దాన్ని నయం చేయలేదు. ఇత్తడి కుళాయి తీసేసి స్టీలుది పెట్టాం. సత్తునైతే (అల్యూమినియం) కాస్టిక్ ఏకంగా తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. అందుకే సత్తు గిన్నె, సత్తు గరిటె ఆ గదిలోకి రాకూడదని అమ్మకు కూడా చెప్పాం.

అమ్మకు ఈ పనే నచ్చలేదు. విశాఖలో రసాయనం అన్న మాటను తేలిగ్గా తీసుకునే ఇల్లు ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చిన తర్వాత ఆ భయం ఇంకా లోతుకు దిగింది. ఆమె భయాన్ని నేను గౌరవిస్తాను. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. కాస్టిక్ తీసిన రోజు పిల్లలెవరూ డాబా ఎక్కరు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, అలమరలో తాళం వేసి ఉంచుతాను. తాగునీటి సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఏ ద్రావణమూ పోయను, ఒక్క నిమిషానికైనా సరే. కింద వాటా వాళ్లకు కూడా ఏం చేస్తున్నానో చెప్పాను.

కాస్టిక్ సోడా పలుకులుగా దొరుకుతుంది. మన సముద్రపు గాలిలో మూత తీసి ఉంచితే చెమ్మ పీల్చుకుని గడ్డ కట్టి, చివరికి జిగట ద్రవమవుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కొంత చాకలి సోడాగానూ మారిపోతుంది. అందుకే చిన్న పొట్లాలే కొంటాను. డెయిరీల్లో ఒకటి, ఒకటిన్నర శాతం ద్రావణాన్ని 70 నుంచి 80 డిగ్రీల వేడితో తిప్పుతారు. ఇంట్లో ఒక శాతం, 60 డిగ్రీలు చాలని నిర్ణయించాం. 15 లీటర్ల నీటికి 150 గ్రాములు. ముందు చన్నీళ్లు పోసి, అందులోకి పలుకులు కొద్దికొద్దిగా వేసి కలపాలి, తర్వాతే వేడి చేయాలి. పలుకుల మీద నీళ్లు పోయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే పని. కొద్ది నీటిలో ఎక్కువ కాస్టిక్ కరిగితే ఆ వేడికి నీరు మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

మోచేతుల దాకా వచ్చే నైట్రైల్ తొడుగులు, పక్కలనుంచి కూడా మూసుకునే కళ్లజోడు, పూర్తి చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు. చేతికి అందేలా నీళ్ల పైపు. బాబాయి ఇక్కడ చెప్పిన మాట నేను మరచిపోను: "వేళ్ల మధ్య జారుడుగా అనిపిస్తే అది మందు జారుడు కాదు అమ్మాయ్, నీ చర్మంలో కొవ్వు సబ్బుగా మారుతోందని గుర్తు." చర్మం మీద పడితే ధారగా పారే నీటి కింద కనీసం 15 నిమిషాలు పెట్టాలి. నిమ్మరసం, వెనిగరు లాంటివి పోసి విరగ్గొట్టే ప్రయత్నం చేయకూడదు, ఆ కలయికలో పుట్టే వేడి మరింత కాలుస్తుంది. కంట్లో పడితే కూడా అంతే నీళ్లు, కంటి రెప్ప తెరిచి, ఆ వెంటనే ఆసుపత్రి.

ఇక కడగడం. మొదట గోరువెచ్చని నీళ్లు ఒట్టివే తిప్పి పారబోయాలి. వదులుగా ఉన్న మురికి అంతా దీంతోనే పోతుంది, కాస్టిక్ ఆదా అవుతుంది. నీళ్ల విషయంలో మాకు బోరు ఉంది, కానీ ఆ నీరు గట్టిది. గట్టి నీటిలో కాస్టిక్ వేస్తే కాల్షియం, మెగ్నీషియం తెల్లగా విరిగి, కడగాల్సిన పాత్రకే అంటుకుంటాయి. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి నగరానికి వచ్చే కుళాయి నీరే ఈ పనికి పట్టి ఉంచుతాను.

కెగ్గును కాస్టిక్‌తో నింపేముందు మరో పని ఉంది, చాలామందికి ఇది తట్టదు. కెగ్గు ఖాళీగా కనిపిస్తుంది గానీ లోపల కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది. అది కాస్టిక్‌తో కలిసి సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. రెండు నష్టాలు. ఒకటి, 19 లీటర్ల వాయువు దాదాపు 60 గ్రాముల కాస్టిక్‌ను మింగేస్తుంది. మనం వేసింది 150 గ్రాములే, అందులో మూడో వంతుకు పైగా పని మొదలవకముందే పోతుంది. రెండోది ప్రమాదకరమైనది. మూత బిగించి ఉంటే లోపలి వాయువు ద్రావణంలోకి ఇంకిపోయి శూన్యం ఏర్పడుతుంది. కెగ్గు దళసరిది కాబట్టి తట్టుకోవచ్చు, పలచని స్టీలు పాత్రలు మాత్రం లోపలికి నలిగిపోతాయి. మూత తీసి, నీళ్లతో అంచుదాకా నింపి ఒంపేస్తే ఆ వాయువంతా పోతుంది. తిప్పుతున్నంత సేపూ గాలి ఆడే దారి తెరిచే ఉంచాలి.

పంపు ఆన్ చేసిన కొద్ది నిమిషాలకే ద్రావణం రంగు తిరిగింది. అప్పటిదాకా శుభ్రంగా కనిపించిన స్టీలు గోడల నుంచి టీ జిగురు వదిలి, కాసేపటికి బకెట్టులో ఉన్నది కాఫీ డికాషన్‌లా నల్లబడింది. టీలోని టానిన్లు క్షారంలో ముదురు రంగుకు మారతాయి కాబట్టి కొంచెం మురికైనా భయంకరంగా కనిపిస్తుందని బాబాయి సర్ది చెప్పాడు. అయినా అంత మురికిలో తయారైన పానీయాన్ని చుట్టాలకు పోశానన్న ఆలోచన మనసులో ముల్లులా గుచ్చుకుంది. అరగంట తిప్పాం, మధ్యలో వేడి తగ్గకుండా చూశాం.

తర్వాత కడిగి, ప్రతి క్లాంపూ విప్పి చూడమన్నాడు బాబాయి. తిప్పి కడగడమంటే విప్పక్కర్లేకపోవడమే కదా అన్నాను. "అది పాలకు. నీది పాలు కాదు" అన్నాడు. విప్పి చూస్తే ఆయన మాటే నిజం. పాత్ర మూతి దగ్గరి రబ్బరు వాషరు కింద, కెగ్గు వాల్వు స్ప్రింగు చుట్టూ, జిగటగా దారాలు. ముందు గోధుమ రంగులో ఉండే ఆ దారాలు కాస్టిక్‌లో నాని తెల్లగా, దాదాపు పారదర్శకంగా మారాయి. కరగలేదు.

ఎందుకు కరగలేదో చదివాక ఈ పని మీద నా అవగాహనే మారింది. కొంబుచా మీద మందంగా కట్టే పొర సెల్యులోజు. కొమగటైబాక్టర్ జాతి బ్యాక్టీరియా దాన్ని అల్లుతుంది. మాంసకృత్తులను, కొవ్వును కాస్టిక్ విరగ్గొడుతుంది, కానీ ఈ సెల్యులోజును పలచని కాస్టిక్ కరిగించలేదు. పైగా ప్రయోగశాలల్లో బ్యాక్టీరియా సెల్యులోజును శుద్ధి చేయడానికే కాస్టిక్‌లో ఉడికిస్తారు. అందులోని కణాలు చచ్చి కరిగిపోతాయి, తెల్లని సెల్యులోజు మిగులుతుంది. అంటే నేను మురికిని తీసేయలేదు, మురికిని శుద్ధి చేసి అక్కడే ఉంచాను! బీరు చేసేవారి పద్ధతులను యథాతథంగా కొంబుచాకు దించితే కుదరదన్నది ఇందుకే. ఒక శాతాన్ని నాలుగు శాతం చేసినా ఆ దారం పోదు. వేలికి, మెత్తని బ్రష్షుకు, వేగంగా పోయే ప్రవాహానికి మాత్రమే లొంగుతుంది.

అప్పటినుంచి వరుస మార్చాను. మొదటి నీళ్లు తిప్పగానే క్లాంపులు విప్పి, వాషర్లు, స్ప్రింగులు తీసి, దారాలను చేత్తో తుడిచి, మళ్లీ బిగించి, అప్పుడు కాస్టిక్. పంపుకు ముందు సన్నని స్టీలు జల్లెడ పెట్టాను. ఊడి వచ్చే ముక్కలు అందులో చిక్కుతాయి, పంపు చక్రానికి చుట్టుకోవు. ముక్కిన వాసన పోయింది ఈ మార్పుతోనే.

కాస్టిక్ పూర్తిగా పోయిందా అన్నది పీహెచ్ కాగితంతో చూడవచ్చు. అది అయిపోయిన రోజున అమ్మ వంటింట్లోంచి పసుపు తెచ్చింది. కడిగిన నీటి చుక్క పసుపు మీద పడి ఎర్రబడితే క్షారం ఇంకా ఉన్నట్టు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. నీళ్లు తిప్పుతూ, పసుపు పసుపుగానే ఉండేదాకా ఆమె పక్కనే నిలబడి చూసింది. ఇప్పుడు ఆ పరీక్ష ఆమెదే.

తర్వాత నిమ్మ ఉప్పు, లీటరుకు 15 గ్రాములు, వేడినీటిలో పావుగంట. ఇది నీటి వల్ల పట్టిన తెల్లని పొరను తీస్తుంది, మిగిలిన క్షారాన్ని విరుస్తుంది. మళ్లీ నీళ్లు.

క్రిములను చంపే దశను కడిగిన రోజే చేయడం దండగ. కొత్త కొంబుచా ఎక్కించేముందు చేయాలి. నేను పెరాసిటిక్ ఆమ్లం వాడుతున్నాను. 5 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలిపితే సుమారు 200 పీపీఎం, అంటే లీటరుకు 200 మిల్లీగ్రాములు. అది విడిపోయి వెనిగరులో ఉండే ఆమ్లం, నీరు, ఆక్సిజన్‌గా మారుతుంది. కొంబుచాలో సహజంగా ఉండే పులుపు కూడా అదే ఆమ్లం కనుక రుచికి పేచీ లేదు. కానీ సీసా మూత తీసినప్పుడు ఘాటు ముక్కు పగలగొడుతుంది, కిటికీలు తెరిచే తీయాలి. మురికి మిగిలిన గొట్టంలో ఇది పోస్తే మురికి మీదే ఖర్చయిపోతుంది, అడుగున ఉన్న క్రిములు నిక్షేపంగా బతుకుతాయి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఈ గదిలోకే తేను. అది స్టీలు మీద చిల్లులు పొడుస్తుంది. ఆమ్లంతో కలిసిందంటే క్లోరిన్ వాయువు వస్తుంది.

వాడిన కాస్టిక్‌ను చల్లారనిచ్చి, వాడిన నిమ్మ ఉప్పు నీటిని అందులో మెల్లగా కలుపుతాను. అది చాలకపోతే ఇంకొంత నిమ్మ ఉప్పు. పీహెచ్ 7 దగ్గరికి వచ్చాక, కుళాయి విప్పి పారే నీటితో పాటు డ్రైనేజీలోకి. మొక్కలకు పోయను, వాన నీటి కాలువలోకి వదలను. స్టీలు సామాను తడిగా డాబా మీద వదిలినా మన ఉప్పు గాలికి గోధుమ మచ్చలు వస్తాయి, అందుకే గదిలో ఫ్యాను కింద ఆరబెడతాను. ఇనుప పీచుతో తోమడం పూర్తిగా మానేయాలి. దాని నలుసులు స్టీలులో దిగి తుప్పు పడతాయి.

ఇంతా చదివి, గాజు జాడీలో రెండు మూడు లీటర్లు చేసుకునేవారెవరూ కాస్టిక్ కొనకండి. మీకు వేడినీళ్లు, పొడవాటి బ్రష్షు చాలు. టీ మరక పోకపోతే సోడియం పెర్‌కార్బొనేట్ రాత్రంతా నానబెట్టండి. అది నీటిలో చాకలి సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది, కాస్టిక్ కన్నా చాలా మెత్తనిది. తొడుగులు మాత్రం దానికీ వేసుకోండి. మీ దారిలో గొట్టమూ వాల్వూ చేరిన రోజున మాత్రం ముందు బకెట్టు, గడియారం పట్టుకుని ప్రవాహం కొలవండి. డబ్బా మూత తర్వాత తీయవచ్చు.